అప్పగింతల్లో నీలం చొక్కా

ఆ రోజుల్లో నాకు తెలిసినంత సినిమా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. నాచారంలో ఒక స్టూడియో పక్క సందులో మూడు నెలలు ఎడిటింగ్ నేర్చుకుని, ఉప్పల్లో మా అక్క భర్త నడిపే పెళ్లి వీడియోల షాపులో చేరాను. కంటిన్యుటీ అన్న మాట అప్పుడే నోటికి పట్టింది. కుడివైపు బయటికి నడిచిన మనిషి తర్వాతి షాట్లో ఎడమవైపు నుంచే రావాలి, ఒక షాట్లో మొదలైన చేతి కదలిక మరో షాట్లో పూర్తి కావాలి, మధ్యలో బట్టలు మారకూడదు, మొత్తానికి చూసేవాడికి కోత కనబడకూడదు. ఈ సూత్రాలన్నీ పెళ్లిళ్ల మీద ప్రయోగించిన మొదటి మనిషిని నేనే (చివరివాణ్ణి కూడా నేనేనేమో). కెమెరా వంక చూసి నవ్విన పాపానికి ఎందరు మేనత్తలను తీసేశానో! "అరే బామ్మర్దీ, ఇది పెండ్లిరా, సినిమా గాదు" అని బావ మొత్తుకునేవాడు. నేను ఆయన్ని జాలిగా చూసేవాణ్ణి.

అప్పుడే మౌలాలి పెళ్లి ఒకటి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ఫ్యాక్టరీలో పనిచేసే సన్నటి మనిషి. భోజనాల దాకా తెల్ల చొక్కాలో వడ్డన చూసుకుంటూ తిరిగాడు. అప్పగింతలకు వచ్చేసరికి ఒంటిమీద నీలం చొక్కా ఉంది. మార్చుకోవడం మా కెమెరాలో పడలేదు. చూసేవాళ్లు తికమకపడతారని నీలం చొక్కా ఉన్న ప్రతి షాటూ తీసేశాను. కూతురు ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, కారు కదులుతుంది. ఎక్కడా చిన్న కుదుపు లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయి వరసగా రెండు చాయ్‌లు తాగాను.

నాలుగు నెలలకు ఆ అమ్మాయి షాపుకొచ్చింది. తండ్రి గుండెపోటుతో పోయి పదిహేను రోజులైందట. "అన్నా, అప్పగింతల్ల మా నాయిన లేడు. నన్ను పట్టుకొని మస్తు ఏడ్చిండు గదా, గదంత యాడ వోయింది?" అంది.

"చొక్కా మారిందమ్మా..." అని గొణిగాను. బావ నావైపు చూసి, క్యాసెట్ల బీరువా తాళం నా చేతిలో పెట్టాడు. షూటింగ్ క్యాసెట్లు మేం చెరిపి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఆ పెళ్లి మీద అప్పటికే ఎవరిదో ఓణీల ఫంక్షన్ ఎక్కింది. ఆ ఫంక్షనంతా కూర్చుని చూశాను. అది అయిపోయిన చోట, క్యాసెట్ చిట్టచివర, తండ్రి దొరికాడు. నిమిషం పైన ఉంటాడేమో. కూతురి తల మీద చెయ్యి వేసి ఏడుస్తూ, మధ్యలో తిరిగి నేరుగా కెమెరాలోకి చూశాడు. నేను నేర్చుకున్న చదువు ప్రకారం అన్నీ తప్పులే. ఒక్క ముక్క కోయకుండా ఆమె పెళ్లి వీడియోలో అతికించాను.

మరునాడు ఆమె షాపులోనే కూర్చుని చూసింది. చొక్కా మారిన చోట నేను తల దించుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "నా మొదటి జీతంల కొనిచ్చిన అంగి అన్నా. ఖరాబైతదని తొడుగకుండ దాసిండు. ఆనాడు ఎవరో తెల్లంగి మీద సాంబారు ఒంపిన్రు. గట్లనన్న తొడిగిండు."

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, కత్తెర పెట్టడానికి చెయ్యి జంకుతుంది. నేను చేసే పెళ్లి వీడియోలు మరీ పొడుగని అందరూ విసుక్కుంటారు. విసుక్కుంటూనే చివరిదాకా చూస్తారు.