ఎడమ బటన్‌లో చెక్కముక్క

డబ్బాల మూతలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ అర్జీలక్క అనేవారు. పదహారేళ్లుగా ప్రెస్సు మీద పని, తొమ్మిదేళ్లుగా యూనియన్ ప్రతినిధి. మరుగుదొడ్డికి గడియ ఊడినా, చేతి తొడుగులు చిరిగినా, సూపర్‌వైజరు నోరు పారేసుకున్నా జనం నేరుగా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లను ఓదార్చడం ఆమెకు చేతకాదు. "ఏడుపు తర్వాత. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు, ముందది చెప్పు" అనేది. ఆమె రాసిన అర్జీని మేనేజరు కూడా కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివేవాడు.

అలాంటి మనిషికి ఆ వారం ఒక్క అర్జీ రాయడానికి చెయ్యి ఆడలేదు.

ఉద్యోగం పోయింది కవలలమ్మకు. ఇద్దరు కవల ఆడపిల్లల తల్లి, చేరి ఎనిమిది నెలలే. ప్రెస్సుకు రెండు బటన్లుంటాయి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న అచ్చు కిందికి దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే వేళ్లు అచ్చు కింద ఉండవు కదా, అదీ అందులోని తెలివి. కానీ గంటకు నాలుగువందల మూతలు తియ్యాలని గోడ మీద రాయించిన మహానుభావుడు ఎన్నడూ ప్రెస్సు ముందు కూర్చున్న పాపాన పోలేదు. అందుకని ఎడమ బటన్ నొక్కుకునే ఉండేలా దాని సందులో చిన్న చెక్కముక్క దోపి, ఆ చేత్తో రేకు పెడుతూ కుడిచేత్తో నొక్కుతూ పోయేవాళ్లు అందరూ. తనిఖీకి ఎవరైనా వస్తుంటే సూపర్‌వైజరే ముందుగా దగ్గేవాడు. ఆ దగ్గు వినపడగానే ఇరవైనాలుగు ముక్కలూ జేబుల్లోకి వెళ్లిపోయేవి.

ఒకరోజు కవలలమ్మ ఎడమచేతి వేళ్లు రెండు అచ్చు కింద నలిగిపోయాయి. డాక్టర్లు వాటిని తీసేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. యంత్రానికున్న రక్షణను కావాలని చెడగొట్టినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది. వారంలోగా అర్జీ పెట్టుకోకపోతే అంతే సంగతులు.

అది అందరూ చేసే పనేనని చెప్పడానికి సాక్షులు కావాలి. అర్జీలక్క మిగతా ఇరవైరెండు మందినీ ఒక్కొక్కరినే అడిగింది. ఒకడు బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. ఒకామెకు హఠాత్తుగా తలనొప్పి వచ్చింది. "నీకోసం ప్రాణమైనా ఇస్తానక్కా, సంతకం మాత్రం అడక్కు" అన్నాడు ఇంకొకడు. సంతకం పెట్టడమంటే నేనూ ముక్క పెడుతున్నానని ఒప్పుకోవడమే. వాళ్ల మీద ఆమెకు ఒళ్లు మండింది. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ఆ భయం ఆమెకూ ఉంది.

కవలలమ్మ చేరిన రెండో వారంలో, లెక్క తియ్యలేక మూలన నిలబడి ఏడుస్తుంటే, విరిగిన స్కేలు కొస కోసి ఆ బటన్‌లో దోపింది అర్జీలక్కే. "ఇలా చేస్తేనే ఇక్కడ నిలబడతావు" అని చెప్పింది కూడా.

ఈ సంగతి భర్తకొక్కడికే చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏదైనా ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే రకం.

"అదొక్కటీ రాయకు. ఎవరు నేర్పారని వాళ్లు అడగరు. అడిగినా ఆ అమ్మాయి చెప్పదు" అన్నాడు.

"చెప్పదనేగా నా బాధ."

చివరిరోజున అర్జీ ఇచ్చింది. ఆ ఒక్క మాటా అందులో లేదు.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. సూపర్‌వైజరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కంపెనీ తరఫు సాక్షిగా అందరికంటే పాతవాడైన తాతను పిలిపించారు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు పాపం.

"ముక్క పెట్టడం నేనెప్పుడూ చూళ్లేదు సార్" అన్నాడు తాత, ఎవరి మొహమూ చూడకుండా.

మేనేజరు కవలలమ్మ వైపు తిరిగాడు. "ఇది నీకెవరు నేర్పారమ్మా?"

కవలలమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని నేల చూసింది.

"ఎవరూ నేర్పలేదు సార్. నాకే తోచింది."

మేనేజరు కలం తీశాడు. ఆ మాట కాగితం మీదికెక్కితే ఆమె ఉద్యోగం ఇక తిరిగి రాదు. అర్జీలక్క లేచి నిలబడింది.

"అది రాయకండి సార్, అబద్ధం. నేనే నేర్పాను. నా చేత్తో కోసి నేనే దోపాను. పదహారేళ్లుగా నేనూ అలాగే తీస్తున్నా. సూపర్‌వైజరు గారికి తెలుసు, తాతకీ తెలుసు."

"ఈ మాటతో మీ ఉద్యోగం కూడా పోతుంది. తెలిసే అంటున్నారా?"

"తెలిసే సార్. ముందు రాయండి."

ఇద్దరినీ బయట కూర్చోమన్నారు. తాతను పనిలోకి పంపేశారు. వరండాలో బల్ల మీద కవలలమ్మ అర్జీలక్క పక్కనే కూర్చుంది. గోడ అవతల ప్రెస్సులు ఎప్పటిలాగే దడదడమంటున్నాయి. అర్జీలక్కకు ఇంట్లో ఏం చెప్పాలో తోచలేదు.

అరగంట గడిచేసరికి ఆ దడదడ నెమ్మదించింది. ఒక దెబ్బ, కాస్త విరామం, మళ్లీ ఒక దెబ్బ. సూపర్‌వైజరు గదిలోంచి బయటికొచ్చి పరుగులాంటి నడకతో షెడ్డు వైపు వెళ్లాడు. అతనికి ఎదురుగా తాత వచ్చాడు, చేతిలో నూనె గుడ్డ మూట. దాన్ని తెచ్చి అర్జీలక్క ఒళ్లో పెట్టాడు. లోపల చెక్కముక్కలు, స్కేలు ముక్కలు, ఒక దువ్వెన ముక్క. మొత్తం ఇరవైరెండు.

"సంతకమంటే వీళ్లకి చెయ్యి రాదమ్మా. ఇవి అడిగితే ఇచ్చేశారు. అందులో నాదీ ఉంది. నేను చెప్పింది అబద్ధమని లోపలికొచ్చి చెప్తాను, పద" అన్నాడు.

రెండు చేతులతో నొక్కితే గంటకు రెండువందల యాభై మూతలు కూడా రావని ఆరోజు మేనేజరు స్వయంగా గడియారం పట్టుకుని చూశాడు. సాయంత్రం నాలుగింటికి కాగితం చేతికొచ్చింది. కవలలమ్మ తొలగింపు రద్దు, చెయ్యి మానాక మూతలు పరీక్షించే చోట పని. గంట లెక్క మళ్లీ కడతారు. అర్జీలక్కకు నెల రోజుల సస్పెన్షన్, ఆపైన విచారణ. సూపర్‌వైజరు దగ్గు గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

గేటు దాటాక కవలలమ్మ ఆగింది.

"పిల్లలకి జడలు వెయ్యడం రావట్లేదక్కా. మూడు పాయలూ పట్టుకోలేకపోతున్నా."

అర్జీలక్క ఆ కట్టు వైపు చూసింది.

"నా ఉద్యోగం నిలబెట్టారు. చచ్చినా మర్చిపోను. కానీ ఆరోజు మీరా ముక్క దోపకపోతే నా వేళ్లు ఉండేవి కదా?"

చెప్పడానికి అర్జీలక్క దగ్గర చాలా ఉన్నాయి. గోడ మీది లెక్క ఉంది, సూపర్‌వైజరు ఉన్నాడు, ఇరవైనాలుగు మంది చేసే పనే అన్నది ఉంది. అన్నీ నిజాలే, అన్నీ పొద్దున లోపల పనికొచ్చినవే. ఇక్కడ వాటిలో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు.

"ఉండేవమ్మా" అంది.

ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట కోసమే ఆగినట్టు, కవలలమ్మ గేటు ముందే నిలబడి భోరున ఏడ్చింది.