బాయి గేటు దగ్గర కుస్తీ మీటింగు

కుస్తీ సీజనుకు ఇంకా నెల రోజులుందనగా, మా బడి జట్టు తొలి మీటింగు కోసం నేను వేసిన ప్రణాళిక పదకొండు పేజీలైంది. రెండు రాజ్యాలు సంధి చేసుకున్నా అంత కాగితం ఖర్చవదు. గోళ్లు కత్తిరించుకోవడం గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడాలి, బరువు తగ్గాలని అన్నం మానేసేవాళ్లను ఏ గొంతుతో తిట్టాలి, అన్నీ రాశాను. కరీంనగర్ నుంచి మందమర్రికి వ్యాయామ ఉపాధ్యాయుడిగా వచ్చిన మొదటి ఏడాది. నా ప్రతాపం గోదావరి అవతలి దాకా వినబడాలని ఆశ.

హెడ్మాస్టరు ఒకటే షరతు పెట్టారు. "తండ్రి వచ్చి మన ముంగట సంతకం పెడితేనే పిల్లలు ఆడాలె. అంతే."

జట్టులో తొమ్మిది మంది. ఎనిమిది సంతకాలకు ఫికర్ లేదు. తొమ్మిదోది మా ఒకే ఒక్క ఆడపిల్లది. తొమ్మిదో తరగతి. ఆమె పట్టు పట్టిందంటే విడిపించడానికి క్రేను తెప్పించాలి. ఆమె తండ్రి బాయిలో పని చేస్తాడు. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. ఆడపిల్లకు కుస్తీ వద్దని ఇంట్లో అప్పటికే చెప్పేశాడట. మీటింగుకు వస్తే ఒప్పించగలనని నా ధీమా.

ఆదివారం పొద్దున పది గంటలకని కబురు పంపాను. నలభై కుర్చీలు తెప్పించాను. కుర్చీలు మాత్రమే వచ్చాయి.

"ఐతారం డ్యూటీకి రెండింతల జీతం సార్," అంది ఆ పిల్ల, నా అజ్ఞానానికి జాలిపడి. "ఐతారం డ్యూటీ పడ్డదంటే పెండ్లి సుత ఇడిసిపెట్టి పోతరు."

"మరి అందరూ ఒక్క దగ్గర ఎప్పుడు దొరుకుతరు?"

"బాయి గేటు కాడ. ఫస్ట్ షిఫ్టోళ్లు ఎక్కొచ్చే యాళ్లకు సెకండ్ షిఫ్టోళ్లు దిగనీకి వస్తరు. గప్పుడు అందరు చాయ్ హోటల్లనే ఉంటరు."

"ఎంతసేపు?"

"ఒక్క చాయ్ తాగినంత సేపు సార్."

పదకొండు పేజీలను ఒక్క చాయ్‌లోకి కుదించడానికి నాకు రెండు రోజులు పట్టింది. "ఏమయ్యా, బడి మీటింగు హోటల్లనా?" అని సణుగుతూనే హెడ్మాస్టరు కాగితాల ఫైలు ఒళ్లో పెట్టుకుని నా స్కూటరెక్కారు. జట్టు పిల్లలు సైకిళ్ల మీద మా వెనకే వచ్చారు.

హోటల్ ముందు బెంచీ ఎక్కి, మైకు లేకుండానే పాతాళం దాకా వినబడేలా మాట్లాడాను. గోళ్లు, తిండి, ఆదిలాబాద్ పోటీలకు పిల్లకు తోడుగా లెక్కల టీచరమ్మ రావడం, అన్నీ. చాయ్ సగమయ్యేసరికి ఎనిమిది సంతకాలు పడ్డాయి.

అప్పుడు ఆమె తండ్రి లేచాడు. కనురెప్పల మీద ఇంకా బొగ్గు మసి.

"ఓడిపోతే సారూ?"

"మళ్ల ఆడుతది."

"గెలిస్తే?"

"మళ్ల ఆడుతది."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. "దెబ్బ తాకితే?"

దీనికి నా పదకొండు పేజీల్లో ఒక్క ముక్క లేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తాకొచ్చు. తాకితే నేనే దవఖానకు తీస్కపోత. ముందుగాల నీకే ఫోన్ చేస్త."

"బాయిల ఫోన్ యాడిది సారూ?"

ఫైలు మూయడానికి హెడ్మాస్టరు చెయ్యి కదిలింది.

"గేటు ఆఫీసుకు చేస్తరు బాపూ," అంది పిల్ల వెనక నుంచి. "నీ కాలు మీద బండ పడ్డప్పుడు ఆడ్నుంచే గదా మాకు ఫోన్ జేసింది. గంత దెబ్బ తాకినా, మళ్ల బాయి దిగొద్దని అమ్మ నిన్ను ఆపిందా?"

"అయిపాయె! కూతురు చేతుల తండ్రి చిత్తు!" అని ఎవరో అరిచారు. అతను కూతురి వైపు తిరిగి చూశాడు. అరచేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకుని, నా చేతిలోని పెన్ను లాక్కున్నాడు.

సంతకం పెట్టాక కాగితం తిరిగివ్వలేదు. దాని కింద గేటు ఆఫీసు నంబరు ఒక్కో అంకె లావుగా దిద్ది రాశాడు.

"గెలిచినా గీ నంబరుకే చెయ్యి సారూ," అన్నాడు.