కంచె దగ్గర ఎమిల్ చోటు

గురువారం సాయంత్రం ఆవుల పని అయిపోగానే నా భర్త ఎమిల్ పికప్ బండి వేసుకుని బడి మైదానానికి వెళ్లేవాడు. బండి ముక్కు కంచెకు ఆనించి, దాన్ని అక్కడే వదిలేసి, పొలాలకు అడ్డంపడి నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాడు. బడి పిల్లల ఫుట్‌బాల్ ఆట శుక్రవారం సాయంత్రం. అయినా బండి గురువారమే అక్కడ ఉండాలి. మా ఓర్లిన్‌లో అందరిదీ అదే పద్ధతి. తాళంచెవి బండిలోనే, దుప్పటి సీటు మీదే. ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

కంచె పొడవునా ఎవరి చోటు వాళ్లది. అది ఎక్కడా రాసిపెట్టి లేదు. ఎమిల్ చోటు దక్షిణం కొసన, పిల్లలు బంతిని చంకన పెట్టుకుని దాటాల్సిన ఆఖరి గీతకు ఎదురుగా ఉండేది. పక్కన అతని స్నేహితుడు క్లిఫర్డ్ బండి. చలికి మేం బండ్లలోనే కూర్చుని ఆట చూసేవాళ్లం. మా ఊరి పిల్లాడెవడైనా బంతితో గీత దాటితే అందరం హారన్లు కొట్టేవాళ్లం. దక్షిణం కొసన గీత దాటితే అందరికంటే ముందు కనిపించేది ఎమిల్‌కే. కాబట్టి మొదటి హారన్ అతనిది. అది మోగితే చాలు, మిగతావాళ్లు తలెత్తి చూడకుండానే కొట్టేసేవాళ్లు.

ఎమిల్ తను బడిలో ఉన్నప్పుడు ఎప్పుడూ ఆడలేదు. ఆట వేళకే పాలు పితకాలి. మా మామగారిని, అంటే వాళ్ల నాన్నని అడిగితే, "ఆ బంతి ఏమన్నా పాలిస్తుందా?" అన్నారట. అందుకని ఎమిల్ ఆవు పొట్టకు తల ఆనించి, గాలిలో వచ్చే హారన్లు వినేవాడట. మనవాళ్లు గెలుస్తున్నారని ఆవులతో చెప్పేవాడట. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి నాకు చెప్పి, తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ చోటు అతనికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. చోటున్న మనిషి పోతే, కొన్నాళ్లు ఆగి, ఎవరో ఒకరు ఆ ఇల్లాలి దగ్గరికి వెళతారు. వంటింట్లో కూర్చుని కాఫీ తాగి, వానల గురించి మాట్లాడి, లేవబోతూ, "మరి కంచె దగ్గర..." అంటారు. ఆమె ఎవరి పేరు చెబితే చోటు వాళ్లది. జెలెంకా పెద్దాయన పోయినప్పుడు ఎమిల్ ఆయన భార్య దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. ఆమె గసగసాలు కూరిన కొలాచీ రొట్టెల పళ్లెం ముందు పెట్టింది. ఎమిల్ ఒకటి తిన్నాడు, రెండు తిన్నాడు, మూడోదానికి చెయ్యి చాచాడు.

"ఏమయ్యా, తినడానికి వచ్చావా, అడగడానికి వచ్చావా?" అంది ఆమె.

"రెండింటికీనండి."

"అబద్ధమాడలేదు. తీసుకో. మా ఆయనలాగా సిగరెట్ పీకలు మాత్రం అక్కడ పారేయకు."

మాకు పిల్లలు కలగలేదు. బహుశా అందుకేనేమో, ఊళ్లో ఏ పిల్లాడి మోకాలు వాచినా ఎమిల్‌కు తెలిసేది.

తర్వాత ఊరు తరిగిపోతూ వచ్చింది. బావులు అడుగంటాయి, పొలాలన్నీ ఇద్దరు ముగ్గురి చేతుల్లోకి పోయాయి. పిల్లలు చాలక, పదకొండు మంది ఆడే ఆట ఎనిమిది మందికి దిగింది, అక్కడి నుంచి ఆరుగురికి. ఒక ఏడాది ఆ ఆరుగురు కూడా లేకపోయారు. మా పిల్లల్ని కెస్టర్ బడి జట్టులో కలిపారు. కెస్టర్ ఊరివాళ్లంటే మాకు పుట్టినప్పటి నుంచీ పడదు. మా పిల్లల ఎర్ర హెల్మెట్లు అటకెక్కాయి, వాళ్ల ఆకుపచ్చవి వచ్చాయి.

ఆ వేసవిలో రెండు బడుల కమిటీ కలిసి కూర్చుంది. కమిటీకి పెద్ద డోరీన్ అనే ఆవిడ, కెస్టర్ మనిషి. ఎమిల్ శుభ్రమైన చొక్కా వేసుకుని వెళ్లాడు. జనంలో లేచి మాట్లాడటం నేను చూసింది అదే మొదటిసారి.

"మా వాళ్లు మీ ఆకుపచ్చ పెట్టుకుంటారు. సరే. జట్టు పేరులో మీ ఊరు ముందు, మాది వెనక. అదీ సరే. శుక్రవారాలు మాత్రం కొన్ని మాకు వదలండి. మైదానం కూడా పోతే ఇంక మా ఊళ్లో ఏముందమ్మా?"

డోరీన్ చెడ్డది కాదు. "ఒక ఆట మీ దగ్గర పెడతాం ఎమిల్ గారూ. మీ వాళ్లు వచ్చి పిల్లల వెనక నిలబడితే వచ్చే ఏడు మరికొన్ని పెడదాం. ఖాళీ కంచె కోసం అంత పెద్ద దీపాలు వెలిగించలేం కదా" అంది.

ఇంక ఎమిల్ ఆగలేదు. ఇంటింటికీ తిరిగాడు. ఆటలంటే విసుగొచ్చి మానేసినవాళ్లను, కెస్టర్ పేరెత్తితే ఉమ్మేసేవాళ్లను కూడా బతిమాలాడు. ఆ ఆట ముందు గురువారం పికప్ పెట్టి వచ్చాక, కంచె ఖాళీగా కనపడకూడదని మళ్లీ వెళ్లి మా కోతమిషన్ కూడా అక్కడ నిలబెట్టాడు.

క్లిఫర్డ్ పగలబడి నవ్వాడు. "ఏరా ఎమిల్, ఈ కోతమిషన్ ఏ జట్టు తరఫున?"

"నోరు మూసుకుని నీ ట్రాక్టర్ తీసుకురా."

"దానికి హారన్ లేదు కదరా!"

"నీకుందిగా గొంతు. ఎక్కి కూర్చుని కేకలెయ్యి."

శుక్రవారం కంచె నిండింది. ఎన్నో ఏళ్లుగా చూడనివాళ్లు వచ్చారు. జెలెంకా ముసలమ్మను మనవరాలు కారులో తీసుకొచ్చింది. దీపాలు వెలిగాక ఎమిల్ నా మోకాలు తట్టి, "చూడు రోసీ, ఒక్క సందు లేదు" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఆ మొహమే నేను ఇప్పటికీ గుర్తుంచుకుంటాను.

ఎదుటి జట్టు ఎక్కడో ఉత్తరం నుంచి వచ్చింది. వాళ్ల చొక్కాలు తెల్లవి. హెల్మెట్లు ఎర్రవి. మా పాత ఎరుపే, అదే ముద్ద ఎరుపు.

ఆట చివరికొచ్చేసరికి కూడా ఎవరు గెలుస్తారో తేలలేదు. అప్పుడు ఒక బక్క పిల్లాడు బంతిని గాల్లోంచి లాక్కుని, మా కంచె వెంబడే పరుగు తీశాడు. వెనకాల తరుముతున్న కుర్రాడు కాళ్లు తగిలి పడ్డాడు. ఎమిల్ స్టీరింగ్ మీదకు వంగి, "పరిగెత్తు! పరిగెత్తరా నాయనా!" అంటున్నాడు. దీపాల కింద ఎర్ర హెల్మెట్ మెరుస్తూ నేరుగా మా వైపే వస్తోంది.

"ఎమిల్, వాడు మనవాడు కా..." అన్నాను. అప్పటికే హారన్ మోగింది.

ఎమిల్ హారన్ మోగితే ఎవరూ చూడరని చెప్పాను కదా. క్లిఫర్డ్ కొట్టాడు, అతని పక్కవాడు కొట్టాడు, అలా ఉత్తరం కొస దాకా కంచె అంతా మోగింది. ఓర్లిన్‌లో అంత గట్టిగా హారన్లు మోగి ఎన్నాళ్లయిందో. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. మైదానంలో ఆకుపచ్చ పిల్లలు మా బండ్ల వైపు తిరిగి నిలబడ్డారు. వాళ్లలో మా ఊరి పిల్లలు ముగ్గురు.

కెస్టర్ తల్లి ఒకామె వచ్చి మా అద్దం మీద కొట్టింది. ఎమిల్ దించాడు.

"అక్కడ పడ్డవాడు నా కొడుకు. వాణ్ని దాటిపోయినవాడికి హారన్ కొడతారా మీరు?"

"ఎరుపు కనపడిందమ్మా" అన్నాడు ఎమిల్. "ఎర్రది కనపడింది. చెయ్యి దానంతటదే పోయింది."

"అయితే మీ చేతికి మా పిల్లలు ఇంకా మీవాళ్లు కాలేదన్నమాట" అని ఆమె వెళ్లిపోయింది.

కోతమిషన్ చాలా రోజులు అక్కడే ఉండిపోయింది. చివరికి క్లిఫర్డే దాన్ని ఇంటికి తోలుకొచ్చాడు.

కమిటీ మళ్లీ కూర్చుంది. డోరీన్ మెల్లగానే చెప్పింది. "మీ వాళ్లు రాలేదని నేను అనడం లేదు ఎమిల్ గారూ. వచ్చారు. ఎవరి కోసం వచ్చారన్నదే ఇక్కడ ప్రశ్న." ఆటలన్నీ కెస్టర్‌లోనే పెట్టాలని చేతులెత్తారు. మా ఊరి సభ్యులూ ఎత్తారు. తల దించుకుని ఎత్తారు.

మరుసటి ఏడు ఎమిల్ ఒక్కసారి కెస్టర్ వెళ్లాడు. అక్కడ బండ్లు కంచె దగ్గరికి పోనివ్వరు. ఇనుప మెట్ల మీద కూర్చోవాలి. సగం ఆటకే తిరిగొచ్చి, "అక్కడ ఎవరి పక్కన కూర్చోవాలో తెలియలేదు" అన్నాడు. ఆ తర్వాత శుక్రవారం సాయంత్రాలు కొట్టంలోకి వెళ్లి నిలబడేవాడు. ఆవుల్ని అప్పటికే అమ్మేశాం. చలిలో తలుపు తెరిచి ఉంచుకుని ఏం చేస్తున్నావని ఒకసారి అడిగాను.

"ఏం లేదు. గాలి అటు నుంచే వస్తోంది" అన్నాడు.

కెస్టర్ చాలా దూరం. ఏ గాలికీ అక్కడి మోత ఇక్కడికి రాదు. ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు.

చలికాలం పోకముందే గుండె ఆగి పోయాడు. ఊరంతా వచ్చారు. వాళ్లు తెచ్చిన నూడుల్స్ గిన్నెలు, హామ్ ముక్కలు, కొలాచీలు పెట్టడానికి బల్ల చాల్లేదు. నేను కొన్నాళ్లు చూశాను. కంచె దగ్గరి చోటు అడగడానికి ఎవరైనా వస్తారని రోజూ కాఫీ కొంచెం ఎక్కువే పెట్టేదాన్ని. నా మనసులో ఒక పేరు ఉంది. జెలెంకా ముసలమ్మ మనవరాలి పేరు. హారన్ మోగిన ఆ రోజు అందరి మొహాలూ చూడలేక నేను తల దించుకుంటే, ఎమిల్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

వసంతంలో క్లిఫర్డ్ వచ్చాడు. వంటింట్లో కూర్చున్నాడు, కాఫీ తాగాడు, వానలు లేవన్నాడు. లేచి టోపీ చేతిలోకి తీసుకుని తలుపు దగ్గర ఆగాడు.

"మరి రోసెల్లా..." అన్నాడు.

నేను చేతిలో గిన్నె కింద పెట్టాను.

"ఆ పికప్ నువ్వు ఎలాగూ నడపవు కదా. అమ్మేస్తావా?"

తీసుకెళ్లమన్నాను. సీటు మీది దుప్పటి తెచ్చుకోవడానికి అతనితో పాటు బయటికి నడిచాను. బండి మొదటిసారికే స్టార్టయింది. క్లిఫర్డ్ దాన్ని రోడ్డు మీదికి తీసి, మైదానం వైపు కాకుండా రెండోవైపు తిప్పుకుని వెళ్లిపోయాడు. మైదానంలో ఎవరో జొన్న వేస్తున్నారట. నేను లోపలికొచ్చి మిగిలిన కాఫీ పారబోశాను.