మా వదిన ప్రసూతి సెలవు

రేపల్లెలో పొద్దున్నే తెనాలి బండి ఎక్కే ఆడవాళ్ళకి ఆ రోజుల్లో ఒక పెట్టె ఉండేది. రైల్వేవాళ్ళు రాసిచ్చింది కాదు, మేమే ఆక్రమించుకున్నది. బ్యాంకులో పనిచేసే పిన్నిగారు, బట్టల షాపులో చీరలు చూపించే పిల్ల, తెనాలి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే నేను, భట్టిప్రోలులోనూ వేమూరులోనూ ఎక్కేవాళ్ళు ఇంకొందరు. టిఫిన్ డబ్బాల మూతలు తీశాక ఎవరి డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో తెలిసేది కాదు. ఇప్పటికీ ఆ బండి కూత వింటే నాకు పులిహోరలో ఇంగువ వాసన వచ్చినట్టే ఉంటుంది.

నేను నెల తప్పిన సంగతి ఇంట్లోవాళ్ళ తర్వాత ముందు తెలిసింది ఆ పెట్టెకే. స్కూల్లో మాత్రం చెప్పలేదు. మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. కడుపుతో ఉన్న టీచరు, పొట్ట కనపడే వేళకి రాజీనామా రాసిచ్చి వెళ్ళిపోవాలి. పిల్ల పుట్టాక ఖాళీ ఉంటే మళ్ళీ కొత్తగా చేరాలి, కొత్తవాళ్ళ జీతానికి. దాన్ని ఎవరూ అన్యాయం అనుకునేవాళ్ళు కాదు. వానాకాలం వస్తే తడుస్తాం కదా, అలాంటిదే అనుకునేవాళ్ళు. మా ఆయనది సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు, ఒక నెల ఉంటే ఒక నెల లేదు. ఇంట్లోకి నమ్మకంగా వచ్చేది నా జీతమే. పైగా పదో తరగతి పిల్లల్ని సంవత్సరం మధ్యలో వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అందుకని పైట నిండుగా కప్పుకుని, ఒళ్ళు చేశానని అందరికీ చెప్పుకు తిరిగాను.

పెట్టెలో ఈ సెలవుల మాట వచ్చిందంటే బండి తెనాలి చేరేదాకా తెగేది కాదు. పిన్నిగారికి ఇద్దరు పిల్లలకీ బ్యాంకు జీతంతో సెలవిచ్చిందట. బట్టల షాపులో ఒకమ్మాయి పురిటికి వెళ్తే మర్నాడే ఆ కౌంటర్లో ఇంకో అమ్మాయి నిలబడిందట. ఆరు నెలల జీతం మా స్కూలు కూడా ఇవ్వాల్సిందేనని, చట్టంలో అలాగే ఉందని పిన్నిగారు గట్టిగా చెప్పేవారు. చట్టం తెనాలి స్టేషన్ దాకా మాతోపాటే వస్తుంది గానీ స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడని నేను అనేదాన్ని. అందరం నవ్వేవాళ్ళం.

ఏడో నెలలో ఒక శుక్రవారం పెట్టెలోవాళ్ళంతా కలిసి నాకు గాజులు తొడిగారు. మేం క్రైస్తవులం. మా ఇళ్ళల్లో పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించి భోజనాలు పెడతారు గానీ ఈ గాజుల వేడుక లేదు. ఆ మాటే చెప్పాను.

"మీ దేవుడు గాజులొద్దన్నాడా ఏంటి? చెయ్యి ఇలా తే," అన్నారు పిన్నిగారు.

వేమూరు దాటేసరికి రెండు చేతులకీ ఎర్రవీ పచ్చవీ గాజులు నిండిపోయాయి. చెంపలకి గంధం రాశారు. ఎవరో పాట అందుకున్నారు. పురుడయ్యేదాకా తియ్యకూడదని నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. అంత సంతోషం మా పెళ్ళిలో కూడా పడలేదంటే మా ఆయన నొచ్చుకుంటారు గానీ, నిజం. ఆ సంతోషంలో గంధం తుడుచుకున్నాను గానీ గాజుల సంగతే మర్చిపోయాను. క్లాసులో బోర్డు మీద సుద్దముక్క పెట్టగానే చెయ్యి గలగలమంది. పిల్లలు గొల్లున నవ్వారు. వరండాలో పోతున్న కరస్పాండెంటుగారు ఆగి చూశారు. అన్ని నెలలు దాచిన కడుపుకి నేనే చాటింపు వేయించుకున్నట్టయింది.

ఆయన చెడ్డమనిషేం కాదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఆ తర్వాత రాజీనామా రాయమని కాగితం కూడా ఇచ్చారు. పదో తరగతి లెక్కల గురించి నేను బతిమాలగా బతిమాలగా చివరికి ఒక బేరానికి వచ్చారు. దసరా సెలవులు కలుపుకుని నెలన్నర, జీతం లేకుండా. అది దాటితే నా కుర్చీలో వేరే మాస్టారు. సరేనన్నాను. నెలన్నర పసిగుడ్డుని ఎవరి మీద వదిలి రావాలో ఆలోచించకుండానే సరేనన్నాను.

ఆ ఏడే మా వదినకీ కడుపు. అన్నయ్యా వదినా బాపట్లలో ఉండేవాళ్ళు. వదిన ఆ పక్క ఊరి గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు టీచరు. తల్లి లేని పిల్ల, పురుడు నేనే పోస్తానని అమ్మ ఆమెని రేపల్లెలో తనింటికి తీసుకొచ్చింది, నేనూ పురిటికి అక్కడికే చేరాను. దసరాకి ముందు ఆమెకి బాబు పుట్టాడు, దసరా సెలవుల్లో నాకు పాప. ఒకే ఇంట్లో రెండు పురుళ్ళేంటని వీధిలోవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మ అవేం పట్టించుకోలేదు, ఇద్దరికీ ఒకే గిన్నెలో బాలింత కాయం కలిపింది. చెవుల్లో దూదులతో, నడుముకి బిగించిన పాతచీరలతో రెండు మంచాల మీద ఎదురెదురుగా పడుకుని మేం చెప్పుకున్న కబుర్లకి అంతు లేదు. నా జీవితంలో అంత తీరిక మళ్ళీ రాలేదు.

ఇద్దరివీ అవే నొప్పులు, అదే చాకిరీ. ఒకటో తారీకున మాత్రం వదిన ఫోను జీతం పడిందని టింగుమనేది. నాది మోగేది కాదు. ఆరు నెలలు ఆమె అలా పడుకోవచ్చు. నేను లేచి బండెక్కాలి. నాకు ఏడుపొచ్చేది, ఆ ఫోను మీద కోపమూ వచ్చేది.

వెళ్ళాల్సిన రోజు దగ్గర పడేకొద్దీ పాపకి పోతపాలు అలవాటు చెయ్యాలని చూశాం. పాలపీక నోట్లో పెడితే చాలు, ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. ఇక ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే అనుకుంటుంటే వదిన నా ఒళ్ళోంచి పాపని తీసుకుంది.

"పిల్లని నా దగ్గర వదిలేసి వెళ్ళమ్మాయ్. మా అమ్మ వేటపాలెంలో జీడిపప్పు పనికి పోతుంటే నేను పక్కింటావిడ పాలు తాగే పెరిగానంట. ఆవిడేమన్నా మాకు చుట్టమా?"

అలా ఒకరి సెలవు మీద ఇద్దరు పిల్లలు పెరగడం మొదలైంది. మూడో పీరియడ్‌కల్లా నాకు పాలు చేపి జాకెట్టు తడిసిపోయేది. పైట సర్దుకుని త్రికోణాలు చెప్పేదాన్ని. సాయంత్రం బండిలో పెట్టెవాళ్ళు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాప ఏం చేసిందని అడిగేవాళ్ళు. పగలంతా ఏం చేసిందో నాకేం తెలుసు? వదిన చెప్పినవే చెప్పేదాన్ని.

మార్చి నెలాఖరుకి వదిన సెలవు అయిపోవచ్చింది. మా పదో తరగతికి పరీక్షలు ఇంకా మిగిలే ఉన్నాయి. పాప అప్పటికీ పోతపాలు ముట్టదు. రేపు వెళ్ళి మానేస్తానని చెప్పెయ్యడమేనని గట్టిగా అనుకుని ఆ సాయంత్రం బండి దిగాను.

గుమ్మం దాకా వచ్చేసరికి లోపల వదిన ఫోన్లో మాట్లాడుతోంది. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టుకుంది. అవతల వాళ్ళ హెడ్మాస్టరుగారు. సగం జీతం మీద సెలవు పొడిగించమని అడుగుతోంది.

"బాబు కులాసాగా ఉన్నాడన్నారు కదమ్మా. మళ్ళీ సెలవెందుకు?" అన్నారాయన.

"బాబు బానే ఉన్నాడండి. పాపే ఇంకా పోతపాలు తాగట్లేదండి."

"పాపేంటమ్మా? మీకు పుట్టింది బాబు కదా?"

"పాప కూడా ఉందండి మాకు," అంది వదిన.

ఆయన అర్జీ పంపించమన్నారు. నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం బయటే నిలబడి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళడానికి చాలాసేపే పట్టింది.