ఇంట్లోనే కదా ఉన్నాడు

మా వియ్యంకుడు పోయాడన్న కబురు కంటే ముందు, ఆయన ఫోన్ ఎత్తడం లేదన్న ఫిర్యాదు వచ్చింది నాకు. పోయిన నెల, మధ్యాహ్నం రెండు దాటాక. చేసినవాడు మా పోర్ట్ బ్లెయిర్‌కి ఫెర్రీ దాటి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌లో ఆయన పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు. "అంకుల్‌జీ, మీ సమ్‌ధీ ఫోన్ ఎత్తట్లేదు. కంప్రెషర్ బంద్ పడింది. పదకొండు సార్లు కొట్టాను" అన్నాడు. నిద్రపోతున్నాడేమో, నన్నడుగుతావేం అని పెట్టేశాను. పావుగంటకి నా కూతురు చేసింది. రేషన్ షాపు నుంచి వాళ్ల అత్తగారు తిరిగొచ్చేసరికి ఫోన్ ఇంకా మోగుతూనే ఉందట. ఆయన పక్కనే.

ఆ పదకొండింటిలో ఎన్ని ఆయనకు వినబడ్డాయో ఎవరూ చెప్పలేరు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మిగతావాళ్లు రాయరు.

ఆయనది చేపలు పట్టే కుటుంబం. పెద్దలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. ఆయన మాత్రం సముద్రం వదిలి ఐస్ తయారుచేసే యంత్రం పట్టుకున్నాడు. అది ఆగితే పడవల్లో చేపంతా కుళ్లిపోతుంది. అందుకని యంత్రం చూసేవాళ్లు ముగ్గురూ వారానికొకరు చొప్పున పిలిస్తే వచ్చేలా ఇంట్లో సిద్ధంగా ఉండేవారు. ఇద్దరు మానేశారు. వాళ్ల స్థానంలో యజమాని ఎవర్నీ పెట్టలేదు. ఏడేళ్లుగా ప్రతి వారమూ ఈయన వంతే. పిలిచిన పది నిమిషాల్లో రావాలి, తాగకూడదు, చెప్పకుండా మా వైపు చాతం రేవుకి వచ్చే ఫెర్రీ ఎక్కకూడదు. జీతం మాత్రం వెళ్లి పానా పట్టుకున్న క్షణం నుంచే.

ఆయన చెంచాతో అన్నం తినేవాడు. చేపల పులుసు చెంచాతో తినే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. దొరగారు అని ఎగతాళి చేసేవాణ్ణి. "ఫోనొస్తే సెయ్యి కడుక్కోడానికి టైమేదండీ బావగారూ" అనేవాడు. స్నానానికి వెళితే ఫోన్ పాలిథిన్ సంచిలో తలుపుకి వేలాడేది. మనవరాలు పోర్ట్ బ్లెయిర్‌లో నా దగ్గర ఉండి చదువుకుంటోంది. ఆదివారం అది అవతలికి వెళితే జెట్టీ దాకా వచ్చి ఎత్తుకునేవాడు, సాయంత్రం జెట్టీ దాకానే వచ్చి ఎక్కించేవాడు. ఒక్కసారైనా దానితో ఇటు దాటి రాలేదు. ఎందుకు రావని అది అడిగితే, "పిలవకపోయినా పిలుపు మీదే ఉంటాను తల్లీ" అన్నాడట.

ఇవన్నీ నేను ప్రేమతో గమనించలేదు. అప్పట్లో నాకు ఆయన మీద కక్ష. నా కూతురి పెళ్లిలో, అప్పగింతల వేళ, పాలల్లో ముంచిన దాని చేతులు పట్టుకోవలసిన మామగారు పందిట్లో లేడు. ఫోనొచ్చిందని వెళ్లిపోయాడు. ఆయన అన్నగారు వచ్చి కూర్చున్నారు. మా బంధువుల ముందు నా తల కొట్టేసినట్టయింది. చదువుకున్నవాణ్ణి, అలాంటివి మరిచిపోను.

మూడేళ్ల కింద ఒకసారి, మేనేజరుకి చెప్పి ఫెర్రీ ఎక్కి, ఆయన ఒక కాగితం మడిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. యజమాని ఇచ్చిన షరతులు. నేను పాతికేళ్లు కార్మికుల అర్జీలు చూసే ఆఫీసులో గుమాస్తాగా చేశానని ఆయనకు తెలుసు. ఒక అర్జీ రాసి పెట్టమన్నాడు.

"సేఠ్ నేను ఇంట్లో కూకున్నానంటాడు. నేను కూకోలేదు బావగారూ. కాసుకునున్నాను."

అంతకంటే బాగా ఏ వకీలూ చెప్పలేడు. మనిషి ఎక్కడుండాలో, ఎంతసేపట్లో రావాలో, ఏం చేయకూడదో యజమాని నిర్ణయించాక ఆ సమయం ఎవరిదో అడగవచ్చు. ఖాయంగా గెలుస్తామని కాదు, కానీ అడగడం నాకు వచ్చు. నేనన్నది వేరు.

"ఎవరి కోసం పందిరి వదిలి పోయావో ఆయన్నే అడుగు."

ఆయన నవ్వాడు. కాగితం అవే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. టీ తాగి వెళ్లాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పదకొండో రోజున యజమాని దండ పట్టుకుని వచ్చాడు. పని మీద ఉండగా పోయాడు కాబట్టి ఆయన భార్యకు, చెల్లెమ్మకు, న్యాయంగా ఇవ్వవలసింది ఇవ్వమని అడిగాను. "పని మీద ఎక్కడ భాయ్‌సాబ్, ఇంట్లోనే కదా ఉన్నాడు" అన్నాడు. పక్కనే నిలబడ్డ పడవల వాళ్లు, ఆయన చేసిన ఐస్‌తో ఏళ్లుగా వ్యాపారం నడుపుకున్నవాళ్లు, నేల చూశారు. వాళ్ల మీద కోపగించే హక్కు నాకు లేదు. యజమాని ఇప్పుడన్న మాట మూడేళ్ల కిందట అర్జీ రాయకుండా నేను ఒప్పుకున్నదే.

అర్జీ ఇప్పుడు రాస్తున్నాను. చెల్లెమ్మ వేలిముద్ర వేసింది. షరతుల కాగితం ఆమె పెట్టెలో దొరికింది. కానీ నేను చూసినదొకటి ఏ కాగితంలోనూ లేదు. అది ఎలా రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పోయిన రోజు ఒంటికి స్నానం చేయించిన మగవాళ్లలో నేనూ ఉన్నాను. అన్నం తిని అరుగు మీద నడుం వాల్చిన మనిషి ఒంటి మీద లుంగీ లేదు. ప్యాంటు, బెల్టు, కాళ్లకు మేజోళ్లు. అవి తీయడానికి మాకు చాలాసేపు పట్టింది. బెల్టు తీశాక నడుం చుట్టూ గాడి కనిపించింది. ఆ ఒక్క రోజుది కాదు. తోలులా నల్లగా గట్టిపడింది. చెంబుతో నీళ్లు పోశాను. నీళ్లు పక్కలకు జారిపోయాయి. ఆ గాడిలో మాత్రం కొంచెం నిలిచాయి.