నాన్న మిగిల్చిన తూటాలు

నాన్న పోయాక కూడా మా ఇంట్లో తెల్లవారుజామున తుపాకి పేలుతూనే ఉండేది. వినపడేది మాత్రం అమ్మ ఒక్కదానికే. కంకిపాడు అవతల మా చేపల చెరువు మీద నీటికాకులు వాలకుండా నాన్న రోజూ ఆ వేళకి గాల్లోకి ఒకసారి కాల్చేవాడు. ఎన్నికలప్పుడు లైసెన్సున్న అందరిలాగే తుపాకి పోలీస్ స్టేషన్లో అప్పగించి, తిరిగి తెచ్చుకోకుండానే పోయాడు. అయినా అమ్మ ఆ వేళకి ఉలిక్కిపడి లేచి కూర్చునేది. కంటినిండా నిద్రలేక మనిషి సగమైపోయింది. నాకు భయంగా ఉండేది, ఆ భయమంతా కోపంగా బయటికొచ్చేది.

మంచిరోజు చూసుకునేసరికి నెల గడిచింది. అస్థికలు కలపడానికి భవానీపురం రేవుకి వెళ్ళాం. అమ్మ చేతిసంచి అందుకుంటే బరువుకి నా చెయ్యి కిందికి లాగేసింది. తెరిచి చూస్తే పాలపొడి డబ్బా, దాని నిండా ఎర్రటి తూటాలు. అటక మీద దొరికాయట. ఆయనవి ఆయనతోపాటే పోతే ఆ చప్పుడూ పోతుందని అమ్మ లెక్క. పాత దేవుడి పటాలు, చిరిగిన పంచాంగాలు, ఇంట్లో ఉంచుకోలేనిది ఏదైనా సరే, మావాళ్ళకి కృష్ణమ్మ ఉంది కదా.

ఈ నీళ్ళే కాలువల్లో మనూరికి వస్తాయనీ, తూటాల్లో ఉండేది సీసమనీ, చిల్లర కోసం ఇక్కడ మునిగేవాళ్ళకి ఇవి దొరికితే ఏం కావాలనీ గొంతు తగ్గించి విసుక్కున్నాను. అమ్మ డబ్బా మీద చెయ్యి తియ్యలేదు.

స్టేషన్‌కి ఫోన్ చేశాను. నీళ్ళలో వెయ్యొద్దు, కాల్చొద్దు, ఎండలో కారులో పెట్టొద్దు, కదపకుండా నీడన ఉంచండి, మేమే వస్తామన్నారు. వచ్చిన ఎస్సై అమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తడిసినంత మాత్రాన తూటా పాడైపోయిందని నమ్మలేమన్నాడు. వీటిని నిర్వీర్యం చేసే ఏర్పాట్లున్న చోటికి పంపితే, లోపలి మందు జాగ్రత్తగా తగలబెట్టి, సీసం, ఇత్తడి మట్టిలో కలవకుండా వేరుచేస్తారని నెమ్మదిగా చెప్పాడు.

"మళ్ళీ పేలవు కదా బాబూ?" అంది అమ్మ.

"పేలవమ్మా. నాదీ పూచీ."

అప్పుడు వదిలింది డబ్బాని. అస్థికలు కలిపి ఇంటికొచ్చాం.

మర్నాడు తెల్లవారినా అమ్మ లేవలేదు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి నిద్రపట్టిందనుకుని గిన్నె చప్పుడు కూడా కాకుండా కాఫీ కలిపాను. గుమ్మంలోకి ఎండ వచ్చాక వెళ్ళి చూస్తే, కళ్ళు తెరుచుకునే పడుకుని ఉంది.

"ఇవాళ వినపళ్ళేదే," అంది. "రోజూ ఆ చప్పుడుకి, ఈ మనిషి లేచాడులే అనుకుని లేచేదాన్ని. ఇంక దేనికి లేవను?"