పదమూడు అంగుళాల తెర, ఎనిమిది కిలోమీటర్ల మురుగుకాలువ

2018 జూన్‌లో నాకు రేపల్లె బదిలీ అయింది. మురుగుకాలువల పనులు చూసే ఒక సబ్‌డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పోస్టు. వాడుకలో డీఈఈ అంటారు. నా కింద సెక్షన్లు చూసే అసిస్టెంట్ ఇంజనీర్లు, అంటే ఏఈలు. నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈగారు. ఆరు నెలలు తిరక్కుండానే బాపట్లలో డీఈఈ రిటైరయ్యారు. ఆ సీటు కూడా అదనపు బాధ్యతగా నాకే అప్పగించారు. కాపురం మాత్రం తెనాలిలోనే.

మా వైపు మురుగుకాలువ అంటే పొలాల్లో మిగిలిన నీటిని, వాన నీటిని సముద్రం దాకా చేర్చే కాలువ. సాగు కాలువ నీళ్లు తెస్తుంది, ఇది తీసుకుపోతుంది. నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కిలోమీటరుకు జానెడు వాలు కూడా దొరకదు. ఆ కొద్ది వాలు ఎటు ఉందో తప్పుగా లెక్క కడితే నీళ్లు వెళ్లవు, నిలబడతాయి. నా ఉద్యోగం ముప్పై ఏళ్లూ ఆ కొద్ది వాలు చుట్టూనే తిరిగింది.

మూడు ఊళ్లలో పనికి మూడు కంప్యూటర్లు ఉండేవి. రేపల్లె ఆఫీసులో నా గదిలో రెండు పెద్ద తెరలున్న డెస్క్‌టాప్, బాపట్లలో ఒక ముసలి సిస్టం, తెనాలి ఇంట్లో ఒకటి. మధ్యలో పెన్‌డ్రైవులు. తెనాలిలో సరిచేసిన అంచనా రేపల్లెలో పాతదిగానే ఉండేది. ఒకసారి బాపట్లలో సమీక్షకు పాత కాపీ పట్టుకెళ్లి, నేనే కొట్టేసిన అంకెల్ని నేనే చదివి వినిపించాను. ఆ సాయంత్రం రైల్లో నిశ్చయించుకున్నాను, కంప్యూటరు ఒకటే ఉండాలి, అది నా సంచిలో ఉండాలి.

జనవరిలో సొంతానికి ఒక తేలికపాటి లాప్‌టాప్ కొన్నాను. కిలో కూడా తూగదు. పదమూడు అంగుళాల తెర, పక్కన రెండే రెండు చిన్న రంధ్రాలు. సరిగ్గా అప్పుడే డివిజన్ ఆఫీసు నుంచి ఒక లేఖ వచ్చింది. నా గదిలోని డెస్క్‌టాప్‌ను వేరే సబ్‌డివిజన్ అడుగుతోంది, మీకు నిజంగా అవసరమో కాదో ఫిబ్రవరి నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలపండి అని. అందుకని ఫిబ్రవరి నెలంతా ఆ డెస్క్‌టాప్ ముట్టుకోకుండా లాప్‌టాప్ మీదే పని చేసి చూడాలని నియమం పెట్టుకున్నాను.

మా డ్రాఫ్ట్స్‌మన్ మస్తాన్ వలీ గారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశారు. ట్రేసింగ్ గుడ్డ మీద సిరాతో గీసిన రోజుల నుంచి కంప్యూటరు మీద గీసే రోజుల దాకా వచ్చిన మనిషి. డ్రాయింగు గదిలో ఆయన సిస్టం ఆయనకు వేరే ఉంది.

“ఏంటి సార్, ఇది కంప్యూటరా, అప్పడమా? ఎండలో పెట్టకండి, వంకర తిరుగుద్ది” అన్నారు.

మొదటి రెండు వారాలు అది నన్ను బాగా సుఖపెట్టిందనే చెప్పాలి. పొద్దున రేపల్లె పాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, బైబిలు వాక్యం చదువుకుని, ప్రార్థన ముగించి, లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. దిగేసరికి రెండు మూడు ఫైళ్లు అయిపోయేవి. ఛార్జింగు సాయంత్రం దాకా వచ్చేది. భుజం నొప్పి తగ్గింది. కాలువ గట్టు మీద ఎండలో తెర సరిగా కనిపించేది కాదు, జీపులో కూర్చుంటే కనిపించేది. ఆదివారం మా చర్చి సంఘంలో యువజనులకు నేను వాక్య తరగతి చెబుతాను. ప్రొజెక్టరు వైరు పట్టే రంధ్రం దీనికి లేదు. అడాప్టరు కొనేదాకా రెండు వారాలు నల్లబోర్డు మీదే పాఠం చెప్పాను. ఇవన్నీ సర్దుకోగల లోపాలే. నెల సగానికి వచ్చేసరికి ఇదొక్కటే చాలని నా మనసు నిర్ణయానికి వచ్చేసింది.

ఆ నెలలోనే ఒక మురుగుకాలువ పూడిక తీసే పనికి అంచనా పంపాల్సి ఉంది. ఎనిమిది కిలోమీటర్ల కాలువ. ఎగువ సగం బాపట్ల పరిధి, దిగువ సగం రేపల్లె పరిధి. రెండూ కలిసేచోట ఒక వంతెన, వంతెన పక్కన నలభై ఇళ్ల పేట. అందరూ కూలి పనులకు వెళ్లేవాళ్లు. ప్రతి నవంబరు వానకీ ఆ ఇళ్లలోకి నీళ్లొస్తాయి. జనవరిలో సర్వేకి వెళ్లినప్పుడు ఆ పేటలో పెద్దావిడ మార్తమ్మగారు తన ఇంట్లో గోడ మీద నీటి మరక చూపించింది. నా మోకాలి ఎత్తున ఉంది.

“మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని, మంచం మీదే పొయ్యి పెట్టుకుంటామండి బాబూ. ప్రతి ఏడూ ఎవరో ఒకరొచ్చి కొలుచుకుని పోతారు. నీళ్లకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు” అంది.

వేసవిలో సాగు కాలువలకు నీళ్లు ఆపేశాకే మురుగుకాలువలో తవ్వడం కుదురుతుంది. జూన్‌లో వానలు మొదలైతే ఇక ఆ ఏడాదికి లేదు. మంజూరు, టెండరు అన్నీ ఏప్రిల్‌కి పూర్తి కావాలంటే అంచనా ఫిబ్రవరి నెలాఖరుకి వెళ్లాలి. అది తప్పితే ఆ నలభై ఇళ్లకు ఇంకో నవంబరు మంచాల మీద గడుస్తుంది. అది తప్పుగా వెళ్తే ఇంకా ఎన్ని నవంబర్లో చెప్పలేం.

కాలువ అంచనాకు ప్రాణం లెవెళ్లు. ఎత్తు ముందే తెలిసిన ఒక స్థిరమైన గుర్తు, దాన్ని బెంచ్‌మార్కు అంటారు, అక్కణ్ణుంచి పరికరంతో చూసుకుంటూ కాలువ అడుగు ఎక్కడెక్కడ ఎంత ఎత్తులో ఉందో పుస్తకంలో రాస్తారు. ఆ అంకెలన్నీ కలిపి గీస్తే కాలువను పొడవునా కోసి చూపించినట్టు ఒక గీత వస్తుంది. దాన్ని ఎల్ఎస్ అంటాం. తవ్వకం లోతు దాని మీదే నిర్ణయిస్తాం. బాపట్ల వాళ్లు పైనుంచి కొలుచుకుంటూ వచ్చి వంతెన కింద కాలువ అడుగు దగ్గర ఆపారు. రేపల్లె వాళ్లు వంతెన పిట్టగోడ మీదున్న బెంచ్‌మార్కు నుంచి మొదలుపెట్టి, అదే అడుగు కొలిచి, కిందికి వెళ్లారు. అలా రెండు ఫైళ్లు నా దగ్గరికి వచ్చాయి.

ఏఈలు పంపిన లెవెళ్లను డీఈఈ సరిచూసి సంతకం చేయాలి. డెస్క్‌టాప్ మీద అయితే ఒక తెర మీద ఎగువ సగం, ఇంకో తెర మీద దిగువ సగం పెట్టుకుని చూసే అలవాటు నాది. లాప్‌టాప్ తెరను రెండుగా పంచితే అంకెలు చీమల్లా కనిపించాయి. కాబట్టి ఎగువ ఫైలు తెరిచి, లెవెల్ పుస్తకంతో పోల్చి, మూసేశాను. తర్వాత దిగువ ఫైలు తెరిచి, దాని పుస్తకంతో పోల్చి, మూసేశాను. వరసగా రెండు రోజుల ప్రయాణంలో, తెనాలికీ రేపల్లెకీ మధ్య, ఆ పని పూర్తయింది. ఏ ఫైలుకా ఫైలు తన పుస్తకంతో అణా పైసలతో సహా సరిపోయింది. ‘సరిచూడబడినది’ అని రాసి సంతకం పెట్టాను. డివిజన్‌కు జవాబు కూడా చిత్తు రాసుకున్నాను, సదరు డెస్క్‌టాప్ ఈ కార్యాలయానికి అవసరం లేదని.

ఫిబ్రవరి ఆఖరి వారంలో మస్తాన్ గారు అంచనాకు జతచేయడానికి ఎల్ఎస్ కాగితాలు ముద్రించారు. పొడవాటి కాగితం మీద ఒకేసారి ముద్రించే పెద్ద ప్లాటరు మా దగ్గర లేదు. చిన్న కాగితాల మీద ముక్కలుగా తీసి, ఆఫీసు వరండాలో నేల మీద పరిచి, టేపుతో అతికిస్తారు. సగం అతికించాక నన్ను పిలిచారు.

“సార్, ఒకసారి రండి. మన కాలువ మెట్టు దిగింది.”

వెళ్లి చూశాను. ఎగువ గీత మెల్లగా వాలుతూ వంతెన దాకా వచ్చింది. అక్కడ ఒక్కసారిగా అడుగు మేర కిందికి దిగి, మళ్లీ మెల్లగా సాగింది.

“ఒండ్రు మట్టి కాలువ ఎక్కడన్నా మెట్లు దిగుద్దా సార్?”

దిగదు. అక్కడ మెట్టు ఉంటే మొదటి వానకే కరిగిపోతుంది. వంతెన కింద కాలువ అడుగు ఒక్కటే. దానికి బాపట్ల పుస్తకంలో ఒక ఎత్తు, రేపల్లె పుస్తకంలో ముప్పై రెండు సెంటీమీటర్లు తక్కువగా ఇంకో ఎత్తు ఉన్నాయి. రెండు ఫైళ్లలోనూ ఆ అంకెలు నేను చూసినవే.

“రెండూ పక్కపక్కన పెట్టి చూశారా సార్?” అని అడిగారు. లేదన్నాను. ఆయన తల వంచుకుని టేపు అతికించుకున్నారు.

చిన్నప్పుడు మాకు వాక్యం నేర్పిన ఉపదేశిగారు, మేం ఒక వచనం చదివి అర్థం చెప్పబోతే చేయి అడ్డుపెట్టేవారు. ముందు వచనం, తర్వాతి వచనం, అధ్యాయం మొత్తం చదివాకే నోరు విప్పమనేవారు. విడిగా ఏ వచనమూ అబద్ధం చెప్పదు, విడిగా చదివినవాడే తప్పుదోవ పడతాడు అనేది ఆయన బోధ. నలభై ఏళ్లుగా నేను కూడా తరగతిలో పిల్లలకు అదే చెబుతున్నాను. ఎనిమిది కిలోమీటర్ల కాలువను మాత్రం రెండు వచనాలుగా చదివి సంతకం పెట్టాను.

రెండు సగాల్లో ఏది తప్పో కాగితం చెప్పదు. మధ్యాహ్నమే పరికరం జీపులో వేసుకుని వంతెన దగ్గరికి వెళ్లాం. మార్తమ్మగారు గొడుగు వేసుకుని వచ్చింది.

“ఏంటి బాబూ, మళ్లీ కొలుస్తున్నారు? అయిపోయింది అన్నారుగా?”

“సార్ కంప్యూటరు తేలికైంది పిన్నిగారూ. లెక్క కూడా తేలిగ్గా తేల్చేశారు” అన్నారు మస్తాన్ గారు. ఆ మాట నాకు దక్కాల్సిందే.

పిట్టగోడ మీద బెంచ్‌మార్కు ఎత్తు తెల్లరంగుతో స్పష్టంగా రాసి ఉంది. మా పాత రిజిస్టరులో ఉన్న అంకే. ఈ గోడ ఎప్పుడు కట్టిందమ్మా అని అడిగాను.

“ఇది పాతది కాదండి. రోడ్డు ఎత్తు చేసినప్పుడు ఆ గోడ పగలగొట్టి ఇది కట్టారు. రంగులేసే అతను ముందే ఆ నెంబరు చీటీ మీద రాసుకున్నాడు. గోడయ్యాక ఒక్క అక్షరం పోకుండా మళ్లీ వేశాడు. ఎంత బుద్ధిమంతుడో.”

మస్తాన్ గారు నవ్వాపుకోలేక కాలువ వైపు తిరిగారు. గోడ పైకి లేచింది, అంకె పాతదే ఉండిపోయింది. రెండు కిలోమీటర్ల అవతల సాగు కాలువ లాకు గోడ మీదున్న నమ్మకమైన గుర్తు నుంచి లెవెళ్లు మోసుకొచ్చి చూశాం. ఆ పనిని ఫ్లై లెవెల్స్ అంటారు. పిట్టగోడ ఎత్తు రాసిన దానికంటే ముప్పై రెండు సెంటీమీటర్లు ఎక్కువ తేలింది. ఆ తప్పు గుర్తును బట్టి తవ్వి ఉంటే దిగువ సగం మొత్తం ఉండాల్సిన దానికంటే ఒక అడుగు ఎత్తులో ఉండిపోయేది. కాలువకు అడ్డంగా, సరిగ్గా ఆ పేట పక్కన, మా ఖర్చుతో మేమే ఒక గడప కట్టినట్టయ్యేది.

దిగువ సగం లెవెళ్లన్నీ సరిచేసి, అంచనా మళ్లీ తయారు చేసేసరికి గడువు నాలుగు రోజులు దాటింది. ఆలస్యానికి కారణం రాయాలి. ప్రతి ఆదివారం ఆరాధనలో సంఘంతో కలిసి పాపాల ఒప్పుకోలు చదువుతాను. అందరి గొంతులో గొంతు కలిపి చదవడం సులువు. ఒక్కడి పేరు మీద, ఫైలులో, తేదీ వేసి రాయడం వేరు. ఒక పూట కలం కదలలేదు. ప్రార్థించుకుని, ‘రెండు భాగాలనూ కలిపి పోల్చకుండా సంతకం చేయడం నా పొరపాటు’ అని రాసి పంపాను.

ఈఈగారు ఫోను చేశారు. “సర్వే తిరిగి చేయించాం అని రాస్తే సరిపోయేది కదండీ. ఇలా ఎవరైనా రాసుకుంటారా?”

జరిగింది అదే సార్ అన్నాను. “సరే, ఈరోజే పైకి పంపిస్తాను” అన్నారు. మంజూరు సమయానికే వచ్చింది. మే నెలలో తవ్వకం పూర్తయింది. నవంబరు వానకు నీళ్లు మార్తమ్మగారి వాకిట్లోకి వచ్చాయి, గడప దాటలేదు. మూడో రోజుకు తగ్గిపోయాయి.

డెస్క్‌టాప్ సంగతి. చిత్తు రాసిన జవాబు చింపేసి కొత్తది రాశాను. కంప్యూటరు పెట్టెను పంపిస్తున్నాను, రెండు తెరల్లో ఒకటి ఈ కార్యాలయానికి అవసరం, ఉంచుకోవడానికి అనుమతించగలరు అని. అనుమతించారు. ప్రొజెక్టరు కోసం కొన్న ఆ అడాప్టరుతోనే లాప్‌టాప్‌ను పెద్ద తెరకు తగిలించి, ఎగువ అటు, దిగువ ఇటు పెట్టుకుని చూడటం అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా నాకు కంప్యూటరు అదొక్కటే.

ఇప్పుడు ఎవరైనా ఇంత తేలిక యంత్రం ఒక్కటీ చాలుతుందా అని అడిగితే, చాలుతుందనే చెబుతాను. అయితే నేను పరీక్షించినట్టు పరీక్షించవద్దని కూడా చెబుతాను. నేను నెల రోజులు దాన్ని ఉత్తరాలతో, చిన్న అంచనాలతో, రైలు ప్రయాణాలతో పరీక్షించాను. అవి ఏ యంత్రం మీదైనా జరిగే పనులు. ఏడాదికి ఒకటి రెండు సార్లే వచ్చి, తప్పు జరిగితే ఇంకొకరి ఇంట్లోకి నీళ్లు తెచ్చే పని ఏదో ముందు గుర్తించాలి. ఆ పనిని మొదటి రోజే దాని మీద చేసి చూడాలి. యంత్రం బరువు ఎంతైనా, సరిచూశానని సంతకం పెట్టేవాడు మొత్తం ఒకేచోట చూసి తీరాలి.